ఎవరెస్టు దారిలో భోనగిరి గుట్ట

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వైపు పోయేవాళ్లకు జనగామ, ఆలేరు దాటాక కిటికీలోంచి నున్నటి బోడిగుండు లాంటి రాయి ఒకటి కనిపిస్తుంది. అదే భోనగిరి గుట్ట. నేల మీంచి దాదాపు 500 అడుగులు లేచిన ఆ ఒక్కరాతి మీద త్రిభువనమల్ల బిరుదున్న చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కోట కట్టించాడు; ఊరికి ఆ పేరు అలా వచ్చిందే. ఆ చాళుక్యులకు సామంతులుగా ఎదిగిన కాకతీయులైతే తమ రాజధానినే ఒంటిరాయి పేరుతో పిలుచుకున్నారు. ఓరుగల్లు అన్నా, ఏకశిలానగరం అన్నా అర్థం అదే. కోటకు, కొలువుకు పనికొచ్చిన ఈ రాళ్లకు మంచుకొండతో ఏం సంబంధం అనిపించవచ్చు. కానీ ఎవరెస్టు చరిత్రను కాస్త వెనక్కి తిప్పి చదివితే, ఆ శిఖరానికి పేరిచ్చిన మనిషి పని నేర్చిందీ, దాన్ని అతి చిన్న వయసులో ఎక్కిన అమ్మాయి పట్టు నేర్చిందీ ఈ తెలంగాణ గుట్టల సీమలోనే. కొండయాత్ర బేస్ క్యాంపులో మొదలవుతుందనే మన ఊహను సరిదిద్దుకోవడానికి ఈ రెండు ఉదంతాలు చాలు.

మొదటిది పాతది. దేశమంతా త్రిభుజాలుగా కొలుస్తున్న విలియం లాంబ్టన్‌కు ప్రధాన సహాయకుడిగా జార్జ్ ఎవరెస్టు 1818లో హైదరాబాద్ చేరాడు. ఆ వెంటనే కృష్ణా గోదావరుల నడుమ అడవి సీమను కొలిచే పని ఆయన మీద పడింది. ఒక గుట్ట నెత్తి నుంచి ఇంకో గుట్ట నెత్తి కనబడితే తప్ప ఆ లెక్క సాగదు. వానాకాలంలో గాలి తేటపడి చూపు దూరం పోతుంది. అడవి జ్వరాలు ముసిరేదీ అప్పుడే. ఎవరెస్టు జ్వరంతో కుప్పకూలి, కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు ఓడెక్కాల్సి వచ్చింది. హిమాలయంలోని పదిహేనో నంబరు శిఖరానికి 1856లో ఆయన పేరు పెట్టింది ఆయన వారసుడు ఆండ్రూ వా. శిఖరం ఎత్తును 29,002 అడుగులుగా తేల్చిన లెక్కల వెనుక రాధానాథ్ సిక్దార్ ఉన్నాడు. ఆయనా ఆ కొండ ఎక్కలేదు. కొండను ముందు కొలిచారు, తర్వాతే ఎక్కారు. ఆ కొలతకు వేసిన మెట్లలో మన గుట్టలూ ఉన్నాయి.

రెండో ఉదంతం మన కళ్లముందు జరిగింది. ఉమ్మడి రాష్ట్రపు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ ఉన్నప్పుడు వంద మందికి పైగా పిల్లలను భోనగిరి రాక్ క్లైంబింగ్ స్కూల్‌కు పంపారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు వాళ్లకు గురువు. అక్కడ నెగ్గినవాళ్లు డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, వాళ్లలో మిగిలినవాళ్లు లడాఖ్ చలికాలానికి. జల్లెడ చివర మిగిలింది ఇద్దరు: నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్.

ఇక్కడో గట్టి అభ్యంతరం ఉంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లు కూడా లేని చోట నేర్చింది ఎనిమిది వేల మీటర్ల పైన ఎందుకు పనికొస్తుంది? శిఖరం మీద గాలి ఒత్తిడి మన నేల మీద ఉండేదాంట్లో మూడో వంతే. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే వారాల తరబడి పైకెక్కి, మళ్లీ దిగొచ్చి పడుకోవాలి. ఆ అలవాటును మైదానం నుంచి ఎవరూ మూటగట్టుకుపోలేరు. ఇది నిజమే. అయితే వీళ్లు వెళ్లింది టిబెట్ వైపు నుంచి. ఆ ఉత్తర గట్టు మీద చివరి రోజు దారికి అడ్డంగా మూడు రాతి మెట్లుంటాయి. దాదాపు 8,600 మీటర్ల దగ్గరున్న రెండో మెట్టు ఎంత నిటారుగా ఉంటుందంటే, 1975లో చైనా బృందం అక్కడ నిచ్చెన బిగించింది. ఆక్సిజన్ ముసుగు, లావుపాటి చేతితొడుగులు, బూట్ల కింద ఇనుప కోరలు. వాటితో రాతి మీద నిలబడి, ఒక తాడు నుంచి ఇంకో తాడుకు కొక్కెం మార్చుకోవాలి. గాలి చాలక బుర్ర మొద్దుబారినప్పుడు ఆలోచించి ముడి వేయడం కుదరదు, చేతికే గుర్తుండాలి. చేతికి ఆ గుర్తు పట్టించడానికి మంచు అక్కర్లేదు, రాయి చాలు. ఆసరా లేని చోట కాలి మీద నమ్మకం పెట్టడం భోనగిరి నున్నదనం నేర్పినంతగా ఏ తరగతి గదీ నేర్పదు.

వయసు సంగతి ఇంత తేలిక కాదు. నేపాల్ వైపు 16 ఏళ్లలోపు వాళ్లకు అనుమతి లేదు. టిబెట్ దారి పట్టడానికి అదొక కారణం. పదమూడేళ్ల పిల్లను మృత్యువు తిరిగే ఎత్తుకు పంపవచ్చా అన్న ప్రశ్నకు రికార్డు జవాబు కాజాలదు. పేదపిల్లల ఆత్మవిశ్వాసం కోసం అన్న మాటలో బలముంది గానీ, అదీ సగం జవాబే. అనుభవం ప్రాణానికి పూచీ అనుకోవడానికీ లేదు: 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబును 2015లో ఆండీస్ కొండలు మింగేశాయి. నా మటుకు నాకు ఆ ప్రయాణంలో నచ్చేది వడపోత. వంద మందిలో అంతమందిని వెనక్కి పంపగలిగిన చోటే ఇద్దరిని ముందుకు పంపే అధికారం పుడుతుంది.

ఆ అధికారానికి పరీక్ష యాత్ర సాగుతుండగానే వచ్చింది. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో హిమఖండాలు విరిగిపడి 16 మంది కొండ కూలీలు, షెర్పాలు చనిపోయారు. ఆ దారిలో యాత్రలు ఆగిపోయాయి. ఉత్తరం వైపున్న ఈ పిల్లలకు వెనుదిరగడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. వాళ్లు ఆగలేదు. మే 25న, తెలంగాణ ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందు, 13 ఏళ్ల 11 నెలల పూర్ణ శిఖరం మీద నిలబడింది. ఆనందూ ఎక్కాడు. తర్వాత ఇద్దరూ ఆ రాతి మెట్ల మీదుగానే, తాడుకు కొక్కెం మార్చుకుంటూ, కిందికి దిగారు.