ముందు తట్ట ఎత్తేవాడే నాయకుడు



“ఎవరి కోసమండీ ఈ చాకిరీ?” అనే మాట ఒక పనిచోట పుట్టిందంటే తేలికగా పోదు. పై అధికారి మాట ఒకటి, చేత ఒకటి అయినప్పుడు కిందివాడిలో ముందు నమ్మకం చస్తుంది, తర్వాత పని చస్తుంది. కంచే చేను మేస్తుంటే కాపలా కాసేదెవరు?

క్రీ.శ. 627లో శత్రుసేనలు మదీనా మీదికి వస్తున్నాయి. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర) సలహాపై కందకం తవ్వవలసి వచ్చింది. చలి, పైగా ఆకలి. ప్రవక్త ముహమ్మద్ (స) తామూ మట్టి మోశారు, ఆకలికి ఆగలేక పొట్టకు రాయి కట్టుకున్నారు. అయినా హేళన చేసినవాళ్ళు లేకపోలేదు. కపట విశ్వాసులు ఎగతాళి చేసి, సెలవైనా అడగకుండా జారుకున్నారు. కాని ఆ జాడ్యం తక్కినవారికి అంటుకోలేదు. నాయకుని ఒంటిమీది మట్టి అందరికీ కనబడుతోంది కదా!

రాజ్యం పెరిగాక నాయకుడు అన్నిచోట్లా ఉండలేడు. అందుకే హజ్రత్ ఉమర్ (ర) తమ పాలనలో (634–644) అధికారులను నియమించేటప్పుడే వారి ఆస్తుల లెక్క రాయించేవారు. హజ్ సమయంలో వారిని పిలిపించి, ప్రజల ఫిర్యాదులు వినేవారు.

మన గోదావరి సంగతి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. 1848లో కాటన్ దొర జబ్బుపడి సెలవుపై వెళ్ళాడు, 1850లో గాని తిరిగి రాలేదు. అయినా పని ఆగలేదు. కెప్టెన్ ఆర్ బాధ్యత మోశాడు. మన వీణం వీరన్న ఓవర్సీరుగా కూలీలను కూడగట్టి పని నడిపించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కంపెనీవారు శిస్తు రాబడి చూసుకోలేదని కాదు. కాని కాటన్ మాత్రం కీర్తినంతా తన ఖాతాలో వేసుకోకుండా వీరన్న సేవను పైవారికి తెలియజేశాడు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. మన కోనసీమ కాల్వల్లో పారే నీరు ఆ కష్టఫలమే.

ఇక మన సొసైటీ మాట. కుర్రవాళ్ళు మీటింగులకు రావడం లేదని నొచ్చుకునే ముందు పెద్దలం మనల్ని మనం అడుగుదాం. లెక్కల పుస్తకం అందరి ముందూ తెరుస్తున్నామా? పని చేసినవాడి పేరు నలుగురిలో చెబుతున్నామా? కుర్చీలు మోసేవేళ మనమూ ఒక కుర్చీ పట్టుకుంటున్నామా? వీటికి “ఔను” అనగలిగితే వాళ్ళు పిలవకుండానే వస్తారు, ఇన్షా అల్లాహ్.