ఫించ్ పక్షులు – డార్విను చీటీలు

గాలపాగోస్ దీవులలో ఫించ్ పక్షుల ముక్కులను చూడగానే చార్లెస్ డార్వినునకు పరిణామవాదము స్ఫురించెనని పాఠ్యగ్రంథములలో తరచుగా కనబడును. కథ ముచ్చటగా నున్నది. కాని డార్విను చేతివ్రాతలే దానికి సాక్ష్యము పలుకుట లేదు.

1835 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో బీగిల్ నౌక ఆ దీవుల నడుమ సుమారు ఐదు వారములు గడపెను. పక్షులను కొట్టి, చర్మము నొలిచి భద్రపరచి, ప్రతిదానికి చీటీ కట్టుట నాటి సేకరణ పద్ధతి. ఫించ్‌ల విషయమున ఏ పక్షి ఏ దీవిదో డార్విను చాలవరకు గుర్తు పెట్టుకొననే లేదు. అవన్నియు దగ్గరి చుట్టములని కూడ ఆయనకు తోచలేదు. కొన్నిటిని వేరే కుటుంబముల పక్షు లనుకొనెను. తాబేటి చిప్పను చూచి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి ఉపపాలకుడు లాసన్ చెప్పినను, ఆ మాటను అప్పుడు అంతగా పట్టించుకొనలేదు. నౌకలోని వారు తాబేళ్లను వండుకొని తినిరి. చిప్పలు సముద్రము పాలయ్యెను! మాకింగ్ బర్డు అను పక్షులను మాత్రము దీవివారీగా వేరుచేసి ఉంచెను. ఆయనను ఆలోచింపజేసినవి ఇవియే.

1837లో లండనులో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ ఈ సేకరణను పరీక్షించి, ఫించ్‌లన్నియు ఆ దీవులకే ప్రత్యేకమైన ఒక వర్గమనియు, మాకింగ్ బర్డులు మూడు వేర్వేరు జాతులనియు తేల్చెను. అప్పుడు డార్విను కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ మొదలగువారు చీటీలు కట్టి దాచిన పక్షులను ఆశ్రయింపవలసి వచ్చెను. అమెరికా చరిత్రకారుడు ఫ్రాంక్ సల్లోవే ఈ నమూనాలను, వ్రాతలను ఒకదానితో ఒకటి పోల్చి 1982లో ఈ సంగతులు వెల్లడించెను. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథమున గాలపాగోస్ ఫించ్‌ల ప్రస్తావనయే లేదు. ‘డార్విను ఫించ్‌లు’ అను పేరునకు ప్రచారము తెచ్చినది 1947 నాటి డేవిడ్ లాక్ గ్రంథము.

మరి డార్విను పని చేసిన తీరు ఎట్టిది? బేకను చూపిన మార్గమున, ఏ సిద్ధాంతమును మనసున పెట్టుకొనక విషయములను ప్రోగుచేసితినని 1876లో ఆత్మకథలో వ్రాసికొనెను. 1960 నుండి అచ్చయిన ఆయన నోటు పుస్తకములు వేరొక మాట చెప్పుచున్నవి. 1837 జూలైలో తెరచిన పుస్తకములోనే, శాఖలుగా చీలిన వంశవృక్షపు బొమ్మ యున్నది. ఊహ ముందు నడచినది. సాక్ష్యముల వేట దాని వెంట సాగినది. దీనిని పట్టుకొని డార్విను నిజము దాచెననుట కఠినమైన తీర్పు. ఊహాగానము శాస్త్రజ్ఞునకు మచ్చగా ఎంచబడిన కాలమది. పైగా ఆత్మకథ వృద్ధాప్యమున వ్రాసినది. 1861లో హెన్రీ ఫాసెట్‌కు వ్రాసిన జాబులో మాత్రము, ఏదో యొక అభిప్రాయమునకు అనుకూలముగనో ప్రతికూలముగనో ఉన్నప్పుడే పరిశీలనకు ప్రయోజన మని ఆయనయే నిష్కర్షగా చెప్పెను.

ఆయన ప్రయోగములును అట్టివే. మొక్కలు సముద్రము దాటి దూరపు దీవులకు చేరగలవా అను ప్రశ్న పుట్టగానే, 87 రకముల గింజలను ఉప్పునీట నానవేసెను. 28 దినముల పిమ్మట వానిలో 64 రకములు మొలకెత్తెను.