కొండగట్టు ఐతిహ్యాలు: సంజీవుని కథ, సంజీవని కథ

వ్యాససంగ్రహం: వేములవాడ పరిసర క్షేత్రాలలో కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయానిది ప్రత్యేక స్థానం. ఈ కొండకు రెండు ఉత్పత్తి కథలు ఉన్నాయి. ఒకటి పశుల కాపరిది, మరొకటి రామాయణానిది. ఈ రెంటి సంబంధాన్ని, వేములవాడ స్థలపురాణంతో వాటికున్న పోలికను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొండగట్టు, వేములవాడ, ఐతిహ్యం, స్థలపురాణం, కోడె మొక్కు, బేతాళస్వామి.

శాసనమున్న గుట్ట, కథలున్న గుట్ట

కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే దారిలో గంగాధర సమీపాన కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ వేయించిన పదవ శతాబ్ది శాసనంలో సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడూ ఉన్నాయి. అందులోని కంద పద్యాలు తెలుగు సాహిత్య చరిత్రకు మూలధనం. అదే దారిలో మరికొంత దూరం సాగితే మల్యాల మండలం ముత్యంపేట దగ్గర కొండగట్టు వస్తుంది. మొదటి గుట్ట తన చరిత్రను రాతి మీద రాసుకుంది. రెండవది నోటి మాటలో నిలుపుకుంది. సాహిత్య చరిత్రకారుల దృష్టి సహజంగానే మొదటిదాని మీద నిలిచింది. జనం మాత్రం రెండవదానికే పోతారు.

కొండగట్టు అన్న పేరు భాషాపరంగా గమనించదగినది. కోస్తా వ్యవహారంలో గట్టు అంటే చెరువుకో పొలానికో వేసిన కట్ట. తెలంగాణ వ్యవహారంలో గట్టు అంటే గుట్ట. అంటే ఇది ఒకే అర్థమున్న రెండు పదాల కలయిక. యాదగిరిగుట్టలోనూ ఇదే పునరుక్తి కనిపిస్తుంది. కొండ మీద కొండలరాయుని కోట, అతని గుర్రపు అడుగులు అని చూపే చోట్లున్నాయి. కాబట్టి పేరులోని ‘కొండ’కు ఆ కొండలరాయుణ్ణి ముడిపెట్టాలని ఎవరికైనా తోచవచ్చు. కానీ కొండను బట్టి రాయునికి పేరు వచ్చిందనడమే సహజమైన వ్యుత్పత్తి.

కోరంద పొదలోని దేవుడు

స్థానిక జనశ్రుతి ప్రకారం కొడిమ్యాల పరగణాకు చెందిన సింగం సంజీవుడనే యాదవుడు ఈ గుట్టల్లో పశువులను మేపుతుండగా మందలో ఒకటి తప్పిపోయింది. వెతికి వెతికి అలసి అతడు చెట్టు కింద నిద్రపోయాడు. కలలో ఆంజనేయుడు కనిపించి, తాను కోరంద పొదలో ఉన్నాననీ, ఎండావానల నుంచి, ముండ్ల నుంచి తనకు రక్షణ కల్పించమనీ చెప్పి, తప్పిపోయిన పశువు జాడ కూడా తెలిపాడు. సంజీవుడు లేచి వెతికితే స్వామి దొరికాడు, పశువూ దొరికింది. తరువాత అతడు ఊరివారితో కలిసి చిన్న గుడి కట్టాడు.

ఇది జరిగి మూడు వందల ఏండ్లని కొందరు, నాలుగు వందలని మరికొందరు చెబుతారు. తప్పిపోయినది కొన్ని కథనాల్లో ఆవు, కొన్నింటిలో బర్రె. కాలంలోని తేడా మౌఖిక కథలకు మామూలే. పశువులోని తేడా అటువంటిది కాదు. పుట్ట మీద ఆవు పాలు కురిపించడం తిరుమల మొదలుగా అనేక క్షేత్రాల కథల్లో ఉంది. అక్కడ ఆవు పవిత్రతకు గుర్తు, దేవుని జాడ పట్టించేది అదే. ఇక్కడి బర్రె ఏ మహిమా చూపదు. అది ఒక కాపరి బతుకుదెరువు మాత్రమే. దేవుడే దాని జాడ చెబుతాడు. బర్రె ఉన్న పాఠమే పాతదని, ఆవు తరువాతి సవరణ అని భావించడానికి ఇది బలమైన ఆధారం. కథను ప్రచురించేటప్పుడు ఏదో ఒక పాఠాన్ని ‘సరిచేసి’ అచ్చు వేయడం వల్ల ఇటువంటి ఆధారాలే ముందుగా పోతాయి.

ఈ కథలో దేవుడే కాపరిని రక్షణ కోరడం మరో విశేషం. వరమిచ్చే దేవుడు ముండ్ల పొదలో ఎండకు మాడుతున్నాడు. పశువుల కాపరికి తన అనుభవంలోని కష్టాలే దేవునికీ ఉంటాయని తోచింది.

రామాయణం కొండెక్కిన తీరు

రెండవ కథ అందరికీ తెలిసిన రామాయణ ఘట్టానికి కొనసాగింపు. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు హనుమంతుడు సంజీవని పర్వతాన్ని తెస్తుండగా ముత్యంపేట దగ్గర అందులోని ఒక ముక్క విరిగిపడిందని, అదే ఈ కొండ అని చెబుతారు. సీతమ్మ కన్నీటి గుంట, శ్రీరాముని పాదుకలు ఈ వరుసలోనివే. కొండలరాయుడు, బొజ్జపోతన గుహలు మాత్రం ఈ రామాయణ పటంలో ఇమడక విడిగానే మిగిలాయి.

సంజీవుడు, సంజీవని అన్న పేర్ల సామ్యం కేవలం కాకతాళీయం కాకపోవచ్చు. కాపరి పేరే పర్వతాన్ని పిలిచిందా, పర్వతం వచ్చాక కాపరికి ఆ పేరు కుదిరిందా అన్నది ఆలోచించవలసిన అంశం. సింగం అన్న ఇంటిపేరు నిత్యవ్యవహారంలోనిది, పురాణ వాసన లేనిది. కాబట్టి కాపరి కథే ముందునుంచీ ఉండి, దాని పేరు పర్వత కథకు దారి చూపిందనడం సమంజసం.

మూలవిరాట్టుకు ఆంజనేయ ముఖంతో పాటు నారసింహ ముఖం, శంఖచక్రాలు, హృదయాన సీతారాములు ఉన్నట్లు సంప్రదాయం. కొండకు క్షేత్రపాలకుడు బేతాళస్వామి. భూతబాధితులను, మనోవ్యాధిగ్రస్తులను తెచ్చి మండలకాలం కొండ మీద ఉంచే ఆచారాన్ని అర్థం చేసుకోవాలంటే బేతాళుని నుంచే మొదలుపెట్టాలి. ప్రస్తుత ఆలయాన్ని పందొమ్మిదవ శతాబ్దిలో కృష్ణారావు దేశ్‌ముఖ్ కట్టించారంటారు. కాపరి గుడి దేశ్‌ముఖ్ పోషణలోకి రావడం నిజాం కాలపు గ్రామీణ అధికార చరిత్రలో భాగం.

రాజన్న కోడె

వేములవాడలో దీనికి విలోమమైన స్థితి కనిపిస్తుంది. అక్కడ చాళుక్యుల శాసనాలున్నాయి. బద్దెగుడు కట్టించిన బద్దెగేశ్వరమే నేటి భీమేశ్వరాలయమని చరిత్రకారులు గుర్తించారు. స్థలపురాణం మాత్రం ఆ వంశం పేరెత్తదు. పరీక్షిత్తు మనుమడైన రాజరాజనరేంద్రుడు ముని కుమారుణ్ణి చంపిన పాపాన్ని ధర్మగుండంలో కడుక్కొన్నాడని చెబుతుంది. అంటే క్షేత్రకర్త అర్జునుని వంశీయుడు. పంపడు విక్రమార్జునవిజయంలో తన ప్రభువైన రెండవ అరికేసరిని అర్జునునితో అభేదంగా వర్ణించాడు. రాజు పేరు మరుగునపడినా అతనికి కవి తొడిగిన వేషం స్థలపురాణంలో మిగిలిందేమో పరిశీలించవలసి ఉంది.

అయితే వేములవాడ భక్తునికి ముఖ్యమైనది అర్జునుడూ కాదు, నరేంద్రుడూ కాదు. కోడె మొక్కు. కోరిక తీరిన రైతు కోడెను ఆలయం చుట్టూ తిప్పి అక్కడ కట్టేస్తాడు. మేడారం జాతరకు పోయేవారు ముందు రాజన్నను దర్శించుకొంటారు. చాలామంది అదే యాత్రలో కొండగట్టు కూడా ఎక్కుతారు. ఒకచోట పశువును దేవునికి అప్పగిస్తారు. మరొకచోట తప్పిపోయిన పశువును దేవుడు తిరిగి అప్పగించిన కథ వింటారు.