ఎదురుచూస్తేగాని కనిపించని వెలుగు



సంక్రాంతి వెళ్ళిన వారానికి మా పక్కవాటా వదినగారు స్వీడన్‌లో ఉన్న కూతురి దగ్గర నుంచి తిరిగివచ్చారు. వస్తూనే నన్ను పిలిచి ఫోనులో ఫోటోలు చూపించారు. నల్లటి ఆకాశం మీద ఎవరో ఆకుపచ్చ పట్టుచీర ఆరవేసినట్టూ, దాని అంచు గాలికి రెపరెపలాడుతున్నట్టూ ఉంది. "ఎంత అదృష్టవంతులండీ!" అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, "వదినగారూ, మీతో నిజం చెప్పనా? కంటికి ఇంత పచ్చగా ఏమీ కనబడలేదండీ. తడికట్టెల పొగలాగా తెల్లగా కదిలింది, అంతే. అంత డబ్బు పోసి, ఆ చలిలో అర్ధరాత్రిదాకా కూర్చున్నాం. నేను చూసింది నిజమో, ఈ ఫోటో నిజమో తెలియడంలేదు" అన్నారు.

ఆవిడ అనుమతి తీసుకునే ఈ సంగతి మీకు చెబుతున్నాను. ఎందుకంటే ఆవిడ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఆ వెలుగు ఏమిటి, దాన్ని చూడటమంటే ఏమిటి అని మనుషులు కొన్ని వందల ఏళ్ళు తల బద్దలుకొట్టుకున్నారు. కొందరు వేళ్ళు పోగొట్టుకున్నారు. ఒకరు ప్రాణమే పోగొట్టుకున్నారు. ఆ కథే ఈవేళ మీకు చెప్పాలని.

ముందు వదినగారు వెళ్ళిన చోటు చూద్దాం. నార్వే దేశానికి ఉత్తరాన ట్రోమ్సో అని ఒక ఊరుంది. నవంబరు చివర నుంచి జనవరి నడుమ దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కాసేపు మసక వెలుతురు, మళ్ళీ చీకటి. జనవరి ఇరవై ఒకటిన, కొండల వెనక నుంచి సూర్యుడు తొంగిచూసే రోజున, ఊరంతా పండుగ. నడుమ జాము కూరిన గుండ్రని తీపి రొట్టెలు నూనెలో వేయించుకుని తింటారు. సూర్యుడి పేరు మీదనే వాటిని పిలుచుకుంటారు. మనం రథసప్తమికి పరమాన్నం వండుకున్నట్టే అనుకోండి!

ఈ చీకటి నెలల్లోనే యాత్రికులు వస్తారు. సాయంత్రం ఆరింటికో ఏడింటికో గైడు వ్యానులో ఎక్కించుకుంటాడు. వెలుగు ఎక్కడ కనబడుతుందో అతనికీ తెలియదు. అతను వెతికేది మబ్బులేని ఆకాశం కోసం. సముద్రం ఒడ్డున మబ్బు పట్టి ఉంటే లోపలికి, ఒక్కొక్కసారి ఫిన్లండు సరిహద్దు దాకా పోనిస్తాడు. అక్కడ దిగి, ఒళ్ళంతా కప్పే దళసరి దుస్తులు తొడుక్కుని, మంట వేసుకుని, వేడి వేడి చాక్లెట్ పాలు తాగుతూ కూర్చోవాలి. కొన్ని రాత్రులు కనబడుతుంది, కొన్ని రాత్రులు కనబడదు. టిక్కెట్టు కొన్నాం కదా అని అది దిగిరాదు!

ఇప్పుడు డబ్బిచ్చి వెళ్ళి చూస్తున్నాం గాని, ఒకప్పుడు అక్కడి తల్లులు ఇది కనబడితే పిల్లల్ని లోపలికి పిలిచేవారు. దాన్ని చూసి ఈల వేయకూడదు, చెయ్యి ఊపకూడదు, ఊపితే దిగివచ్చి ఎత్తుకుపోతుంది అనేవారు. అక్కడి ఆదివాసులైన సామీలలోనూ ఇలాంటి నమ్మకాలే ఉన్నాయి. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని మన అమ్మమ్మలు అనలేదూ? ఫిన్లండువాళ్ళు మాత్రం దానికి 'నక్కమంటలు' అని పేరు పెట్టుకున్నారు. మంచులో పరుగెత్తే నక్క తోక తగిలి నిప్పురవ్వలు లేస్తాయని వాళ్ళ కథ.

నార్వేలో 1250 ప్రాంతంలో 'రాజదర్పణం' అని అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం పుట్టింది. అందులో కొడుకు అడుగుతాడు, తండ్రి చెబుతాడు. ఈ ఉత్తరపు వెలుగు సంగతి వచ్చినప్పుడు తండ్రి మూడు ఊహలు చెప్పాడు. భూమి చుట్టూ ఉన్న సముద్రాల అవతల మండే నిప్పు కావచ్చు. కిందికి దిగిన సూర్యుడి కాంతి పైకి చిమ్ముతూ ఉండవచ్చు. లేదా మంచుకొండలే తమలో దాచుకున్న వెలుగును వదులుతూ ఉండవచ్చు. మూడూ తప్పే. అయినా దయ్యమనీ భూతమనీ భయపెట్టకుండా, పిల్లవాడు అడిగితే ఆలోచించి జవాబు చెప్పిన ఆ తండ్రిని మెచ్చుకోవద్దూ?

మొదటి గట్టి ఆధారం 1741లో స్వీడన్‌లో దొరికింది. జ్వరం చూసే థర్మామీటరు మీద సెల్సియస్ అనే మాట మీకు తెలుసు కదా. ఆ ఆండర్స్ సెల్సియస్, ఆయన బావమరిది వరసైన ఊలోఫ్ హియోర్టర్ కలిసి దిక్సూచి ముల్లును గమనిస్తూ వచ్చారు. హియోర్టర్ రాత్రనక పగలనక గంటగంటకూ ఆ ముల్లును చూసి కొన్ని వేలసార్లు లెక్క రాశాడు. ఆకాశంలో వెలుగు ఆడిన రాత్రి, గదిలో ఉన్న ముల్లు కూడా కదిలింది! అంటే ఆ వెలుగుకూ భూమి అయస్కాంత శక్తికీ ఏదో చుట్టరికం ఉందన్నమాట.

తరువాత ఒక బడిపంతులు కథ. సోఫస్ ట్రామ్‌హోల్ట్ డెన్మార్కువాడు. 1882–83 చలికాలంలో నార్వే ఉత్తరాన కౌటోకేనో అనే సామీల ఊరికి వెళ్ళి, ఈ వెలుగును ఫోటో తీయాలని చూశాడు. ఆనాటి పలకలకు అంత సన్నటి వెలుగు అందలేదు. ఒక్క ఫోటో కూడా రాలేదు. కాని ఉత్త చేతులతో తిరిగిరాలేదు. ఆ ఊరి ఆడవాళ్ళనూ, మగవాళ్ళనూ, పిల్లలనూ ఫోటోలు తీసి, ఎవరి పేరు ఏమిటో రాసిపెట్టుకున్నాడు. ఆ రోజుల్లో పెద్దమనుషులు అడవివాళ్ళని ముద్రవేసిన జనానికి పేర్లుంటాయని గుర్తించడమే గొప్ప. 2013లో యునెస్కో ఆ ఫోటోలను ప్రపంచ స్మృతిసంపదలో చేర్చుకుంది. వెలుగు మొదటి ఫోటో 1892లో జర్మనీవాళ్ళకు చిక్కింది. మన వదినగారి ఫోను రెండు మూడు క్షణాల్లో తీసిన దానికోసం ఆ పంతులు చలికాలమంతా కూర్చున్నాడు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను. క్రిస్టియాన్ బిర్కెలాండ్ నార్వే శాస్త్రజ్ఞుడు. సూర్యుడి నుంచి విద్యుత్కణాలు వచ్చి, భూమి అయస్కాంతం లాగిన దారిలో ధ్రువాలవైపు జారి, పైనున్న గాలిని వెలిగిస్తాయని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేయాలంటే వెలుగు ఉండే చోటికే వెళ్ళాలి. తొలి యాత్రలో మంచు తుఫానులో చిక్కుకుని, బియోర్న్ హెలాండ్ హాన్సెన్ అనే వైద్య విద్యార్థి చేతివేళ్ళు కొన్ని చలికి చచ్చుబడిపోయాయి. డాక్టరు కావాలనుకున్న కుర్రవాడు ఆ ఆశ వదులుకున్నాడు. తరువాత సముద్రశాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడనుకోండి, కాని ఆ వేళ్ళు తిరిగి రావు కదా.

అయినా బిర్కెలాండ్ ఆగలేదు. 1899లో ఆల్టా దగ్గర హాల్డె అనే కొండ శిఖరం మీద, సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, రాతి ఇల్లు కట్టించాడు. పక్క శిఖరం మీద మరొకటి. ఆ చలికాలం కొద్దిమంది సహాయకులతో అక్కడే గడిపాడు. వారిలో ఎలిసార్ బోయే అనే యువకుడు 1900లో మంచుచరియ విరిగి మీద పడి చనిపోయాడు. ఇవాళ మనం మంట దగ్గర కూర్చుని "ఇంకా రాలేదేమిటి?" అని విసుక్కునే వెలుగు కోసం ఒక తల్లి కొడుకు పోయాడు.

కొండ దిగాక బిర్కెలాండ్ గాజుపెట్టెలో గాలి తీసేసి, నడుమ అయస్కాంతం ఉన్న చిన్న లోహపు గోళం పెట్టి విద్యుత్తు ప్రసరింపజేశాడు. గోళం రెండు కొసల చుట్టూ కంకణాల్లాగా వెలుగు కట్టింది. బల్ల మీద బుల్లి భూమి, దానికి బుల్లి ధ్రువకాంతులు! అప్పటికీ పెద్దలు చాలామంది నమ్మలేదు. 1917లో ఆయన టోక్యోలో ఒక హోటలు గదిలో కన్నుమూశారు. 1960ల తరువాత కృత్రిమ ఉపగ్రహాలు పైకి వెళ్ళి కొలిచినప్పుడు, ఆయన చెప్పింది మొత్తంమీద నిజమేనని తేలింది.

వంటింటి భాషలో చెప్పాలంటే, గ్యాసు మంట మీద ఉప్పునీళ్ళు పొంగితే నీలం మంట పసుపు అవుతుంది, చూశారు కదా. ఏ పదార్థం వేడెక్కి వెలుగుతుందో దాన్నిబట్టి రంగు. అక్కడా అంతే, కాకపోతే మంట ఉండదు. సూర్యుడి కణాలు తాకిన ప్రాణవాయువు నూరు కిలోమీటర్ల పై ఎత్తులో ఆకుపచ్చగా, రెండు వందలు దాటితే ఎర్రగా వెలుగుతుంది. నత్రజని నీలం, ఊదా రంగులిస్తుంది.

హాల్డె కథ బోయే మరణంతో ఆగిపోలేదు. 1912 నుంచి 1926 దాకా శాస్త్రజ్ఞులు ఆ కొండ మీద కుటుంబాలతో కాపురమున్నారు. క్రోగ్‌నెస్, డెవిక్ అనే ఇద్దరి పేర్లు పుస్తకాల్లో కనబడతాయి. వాళ్ళు ధ్రువకాంతులను గమనించడమే కాదు, చేపలవాళ్ళ కోసం తుఫాను హెచ్చరికలు కూడా మొదలుపెట్టారు. మంచిదే. కాని ఆ ఇళ్ళలో ఇల్లాళ్ళున్నారు, పసిపిల్లలున్నారు. ఒక్కసారి మీరు ఆలోచించండి. వీధి చివర దుకాణం లేదు. పాలవాడు రాడు. గాలి తలుపు తీయనివ్వదు. రెండు నెలలు సూర్యుడు లేడు. పిల్లకు జ్వరమొస్తే కొండ దిగితేగాని డాక్టరు లేడు. భర్త రాత్రంతా ఆకాశం చూస్తుంటే, పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసినవాళ్ళు ఎవరు? ఆ నిప్పు లెక్క ఏ పరిశోధన పత్రంలోనూ ఉండదు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఆ కట్టడాలను తగలబెట్టింది. తరువాత మళ్ళీ బాగుచేశారు. ఇప్పుడు ఎండాకాలంలో జనం నడిచి ఎక్కి చూసి వస్తున్నారు.

మరి ఈ చలికాలపు యాత్రలు ఎప్పుడు మొదలయ్యాయంటారా? చాలా ఆలస్యంగా. థామస్ కుక్ కంపెనీ 1875లోనే యాత్రికులను నార్వే ఉత్తరపు కొసకు తీసుకువెళ్ళింది, కాని ఎండాకాలంలో, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడటానికి. 1893లో ఆ తీరం వెంట క్రమం తప్పని ఓడలు మొదలై, చీకటి నెలల్లోనూ నడిచాయి. అయితే వాటిలో ఎక్కింది అక్కడి జనం, తపాలా సంచులు, సరుకులు. చీకటిని చూడటానికి డబ్బిచ్చి ఎవరొస్తారు? 2008లో జోవనా లమ్లీ అనే నటి ఈ వెలుగును వెతుక్కుంటూ వెళ్ళిన యాత్రను బిబిసి చూపించింది. ఆవిడ 1946లో మన శ్రీనగర్‌లో పుట్టిన మనిషే. ఆకాశం వెలిగేసరికి ఆవిడ పొంగిపోవడం చూసి, బ్రిటన్‌లో ఎంతోమంది ప్రయాణం కట్టారు. నిన్నటిదాకా మూసుకుని కూర్చున్న చీకటి నెలలే ఈనాడు ఆ ఊళ్ళకు అన్నం పెడుతున్నాయి.

మనకూ ఈ వెలుగుకూ ఏ సంబంధమూ లేదనుకోకండి. 1859 సెప్టెంబరులో సూర్యుడి నుంచి పెద్ద తుఫాను వచ్చినప్పుడు బొంబాయి కొలాబా పరిశోధనశాలలో అయస్కాంత పరికరాలు ఆ కుదుపును నమోదు చేశాయి. నేటికీ శాస్త్రజ్ఞులు ఆ కాగితాలు తీసి చూస్తారు. 1872 ఫిబ్రవరిలో బొంబాయిలో కూడా ఆకాశకాంతి కనబడిందని ఆనాటి రాతల్లో ఉంది. 2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లేలో ఎర్రటి కాంతిని మన ఖగోళశాల కెమెరాలు పట్టాయి.

ఇప్పుడు వదినగారి ప్రశ్నకు జవాబు. కరెంటు పోయిన రాత్రి బీరువా తలుపు తీసి చూడండి. చీరలున్నాయని తెలుస్తుంది గాని, ఏది ఆకుపచ్చో ఏది మెరూనో తెలుస్తుందా? సన్నటి వెలుతురులో మన కన్ను రంగును పోల్చలేదు. ఫోను అలా కాదు. చూరు కింద పెట్టిన బిందెలో చినుకులు నిండినట్టు, కొన్ని క్షణాలపాటు వెలుగును పోగుచేసుకుంటుంది. అందుకే అంత పచ్చదనం. వెలుగు బలంగా ఉన్న రాత్రి కంటికి కూడా రంగులు బాగానే కనబడతాయి. వదినగారికి ఆ రాత్రి బలహీనమైన వెలుగు దొరికింది. అంతేగాని అబద్ధపు వెలుగు దొరకలేదు.

ఈ మాటే ఆవిడతో అన్నాను. "మీరు చూసిన ఆ తెల్లటి పొగే, ఫోనులు లేని రోజుల్లో సామీ తల్లులూ చూశారు. ఆ కొండ మీద కాపురమున్న ఇల్లాళ్ళూ కిటికీలోంచి చూశారు. మీరు కళ్ళతో చూసిందే నిజం వదినగారూ" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మంట దగ్గర కూర్చున్నప్పుడు మా అమ్మాయి నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని నాలుగు గంటలు కబుర్లు చెప్పిందండీ. దాని పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు కూర్చున్నది అదే" అన్నారు.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి వెళ్ళి ఈ యాత్ర చేయదలిస్తే, ఒక్క రాత్రికి కాకుండా మూడు నాలుగు రాత్రులకు వీలుచేసుకోండి. గుడ్డలు ఒకదానిమీద ఒకటి తొడుక్కోండి. ఫోను కాసేపు సంచిలో పెట్టేసి, ముందు మీ కళ్ళతో చూడండి. ఆ రాత్రి అది రాకపోయినా బాధపడకండి. ఎదురుచూడటం మనకేమీ కొత్తవిద్య కాదు కదా!