విక్రాంత్‌ను తూర్పుకు నడిపించిన బాయిలర్లు

1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్ పాత్ర అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఘాజీ. విశాఖ బీచిలోని స్మారకం, 2017 నాటి సినిమా ఆ పాకిస్తాన్ జలాంతర్గామిని మన జ్ఞాపకాల్లో అంత బలంగా నాటాయి. ఆ కథలో విక్రాంత్ కేవలం వేటగాడు వెతుక్కుంటూ వచ్చిన జింక. కానీ ఆ నౌక అసలు బంగాళాఖాతంలో ఎందుకుందన్న ప్రశ్నకు సగం జవాబు వ్యూహరచన గదిలో దొరికితే, మిగతా సగం ఓడ అడుగున, బాయిలర్ల దగ్గర దొరుకుతుంది.

రెండో ప్రపంచయుద్ధం కోసం 1943లో ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున ‘హెర్క్యులిస్’ పేరుతో మొదలైన ఓడ ఇది. యుద్ధం ముగిశాక పని ఆగింది. 1957లో మనం కొన్నాం. బెల్‌ఫాస్ట్‌లో పూర్తయి 1961 మార్చి 4న నౌకాదళంలో చేరింది. నాలుగు బాయిలర్లు, 40,000 హార్స్‌పవర్ టర్బైన్లు, సుమారు 25 నాట్ల వేగం. 1970 జూన్‌లో ఆ బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్లు బయటపడ్డాయి. వెల్డింగుతో అతికేవి కావు, కొత్త డ్రమ్ములు బ్రిటన్ నుంచి రావాలి. అవి రాకుండానే 1971 వసంతంలో పీడనం బాగా తగ్గించి పరీక్షలు జరిపితే వేగం 14 నాట్లకు పరిమితమైంది. మామూలు యుద్ధనౌకకు ఇది ఇబ్బంది, విమానవాహక నౌకకు ఇది ప్రాణసంకటం. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఓడ ఎంత వేగంగా పోతే రెక్కల కింద అంత గాలి. పైగా విమానాన్ని విసిరే క్యాటపుల్ట్‌కు కావలసిన ఆవిరీ ఆ బాయిలర్లదే.

ఇలాంటి ఓడను కరాచీ వైపు పంపితే? అక్కడ బలమైన వైమానిక దళం, ఫ్రాన్సులో తయారైన కొత్త జలాంతర్గాములు ఉన్నాయి. డిసెంబరు 9న మన యుద్ధనౌక ఖుక్రీని ముంచిన హాంగోర్ వాటిలో ఒకటి. తూర్పున మాత్రం పాకిస్తాన్‌కు ఢాకాలో ఒకే స్క్వాడ్రన్ సేబర్ యుద్ధవిమానాలు, నదుల్లో గన్‌బోట్లు. నెమ్మది ఓడ కూడా పనికొచ్చే సముద్రం అదొక్కటే. తూర్పు పాకిస్తాన్ రేవులను దిగ్బంధించే ఆలోచన ఎలాగూ ఉంది కదా, బాయిలర్లకు ఇంత గొప్పతనం ఎందుకని అడగవచ్చు. నిజమే, ఆలోచన ఉంది. అయితే ఆరోగ్యంగా ఉన్న ఓడకైతే పడమర కూడా ఒక దారిగా చర్చకు వచ్చేది. పగుళ్లు ఆ చర్చను మొదలవకముందే ముగించాయి. తూర్పున ఘాజీ రాలేదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. వచ్చింది. అందుకే దాగుడుమూతలు అవసరమయ్యాయి. వేగంతో తప్పించుకునే వెసులుబాటు లేని ఓడను అండమాన్లలో దాచి, విశాఖలో యుద్ధనౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ ఉన్నట్టు భ్రమ కల్పించారు. తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ ఊళ్లో కాంట్రాక్టర్లకు పెద్ద ఓడకు సరిపడా సరుకులు పురమాయించారు. ఘాజీని రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, పేలుడు వల్ల తనకు తానే మునిగిందని వాళ్లు అంటారు. ఆ తగువు ఇక్కడ మనకు అక్కర్లేదు.

డిసెంబరు 4న విక్రాంత్ మీంచి లేచిన 8 సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద విరుచుకుపడ్డాయి. తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మొంగ్లా. ఎదిరించే విమానాలు లేని చోట ఇదేం ఘనకార్యమని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లు 1965ను మరచిపోతున్నారు. అప్పుడు విక్రాంత్ మరమ్మతుల్లో డాక్‌లో ఉండగానే మునిగిపోయిందని పాకిస్తాన్ చాటింది. రెండో యుద్ధంలోనూ అదే డాక్‌లో కూర్చుని ఉంటే, ఈ ఖరీదైన ఓడ మనకెందుకన్న వాళ్లకు జవాబు ఉండేది కాదు. పగిలిన బాయిలర్లతో బయల్దేరడం సాహసమే, కానీ లెక్క తెలిసిన సాహసం.

ఆవిరి మీద ఆధారపడటం ఆ తర్వాత క్రమంగా తగ్గింది. 1983 నుంచి వచ్చిన సీ హారియర్ విమానాలకు క్యాటపుల్ట్ అక్కర్లేదు. 1980ల చివర దాన్ని తీసేసి ముందు భాగంలో పైకి లేచే డెక్ కట్టారు. అలా మరికొన్నేళ్లు గడిపి, 1997 జనవరి 31న విక్రాంత్ సేవ నుంచి తప్పుకుంది.