టగ్ పడవ

టగ్ పడవ లేదా టగ్గు అనగా ఇతర నౌకలను లాగుటకు గాని, నెట్టుటకు గాని ప్రత్యేకంగా నిర్మించిన చిన్నదైన, మిక్కిలి శక్తి గల నౌక. రేవుకు చేరే పెద్ద ఓడ తన వేగాన్ని బాగా తగ్గించుకోవలసి ఉంటుంది. వేగం తగ్గిన కొద్దీ చుక్కానిపై నీటి ఒత్తిడి తగ్గి, ఓడ అదుపు తప్పుతుంది. అప్పుడు గాలి, నీటి ప్రవాహం దానిని రేవు గోడకో, మరొక ఓడకో తాకించగలవు. ఈ ప్రమాదాన్ని నివారించడమే టగ్గు ప్రధాన కర్తవ్యం. ఇంజను లేని బార్జీలను తరలించడం, సముద్రంలో చెడిపోయిన ఓడలను రేవుకు చేర్చడం, ఓడలలో మంటలు ఆర్పడం కూడా ఇవి చేసే పనులే.

చరిత్ర

ఆవిరి యంత్రంతో నడిచే లాగుడు పడవకు 1736లో ఇంగ్లండుకు చెందిన జొనాథన్ హల్స్ పేటెంటు పొందాడు. ఆచరణలో తొలి విజయం మాత్రం స్కాట్లండుకు చెందిన విలియం సైమింగ్టన్ రూపొందించిన షార్లెట్ డండాస్ అనే పడవది. 1803 మార్చిలో ఇది ఫోర్త్-క్లైడ్ కాలువలో 70 టన్నుల బార్జీలు రెండింటిని బలమైన ఎదురుగాలిలో సుమారు 30 కిలోమీటర్ల దూరం లాగినది. అయితే దాని అలల వలన కాలువ గట్లు కోసుకుపోతాయన్న భయంతో ఆ ప్రయత్నం అంతటితో ఆగిపోయినది.

తెరచాప ఓడలకు గాలి అనుకూలించనప్పుడు నదీ ముఖద్వారాలలో ప్రవేశించడం కష్టమయ్యేది. అందువలన 19వ శతాబ్దంలో పక్క చక్రాల ఆవిరి టగ్గులు త్వరగా వ్యాపించాయి. 1838లో టెమెరేర్ అనే యుద్ధనౌకను విడగొట్టడానికి థేమ్స్ నదిలో టగ్గులు లాగుకొని పోయాయి. చిత్రకారుడు టర్నర్ 1839లో ప్రదర్శించిన ప్రసిద్ధ చిత్రానికి ఈ దృశ్యమే ఆధారం. చిత్రంలో ఒకే టగ్గు కనిపించినా, నిజానికి లాగినవి రెండు. తరువాతి కాలంలో చక్రాల స్థానంలో ప్రొపెల్లర్లు, ఆవిరి స్థానంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి.

బలం, రకాలు

టగ్గు బలాన్ని టన్నులలో చెబుతారు. ఒడ్డున ఉన్న దిమ్మెకు మోకుతో కట్టి, పూర్తి శక్తితో నడిపినప్పుడు మోకుపై పడే లాగుడు బలమే దాని కొలత. నేటి పెద్ద ఓడరేవులలో 60 నుండి 80 టన్నుల బలం గల టగ్గులు సాధారణం.

*సాధారణ టగ్గు:* స్థిరమైన ప్రొపెల్లరు, వెనుక చుక్కాని ఉంటాయి. పాతవి ఎక్కువగా ఈ రకానివే.
*వాయిత్-ష్నైడర్ టగ్గు:* పడవ అడుగున నిలువు రెక్కలు గల చక్రం తిరుగుతుంది. రెక్కల కోణం మార్చి ఏ దిక్కుకైనా నడపవచ్చు.
*అజిమత్ టగ్గు:* ప్రొపెల్లరు అమరికే 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక వేరే చుక్కాని అవసరం లేదు.
*నెట్టుడు టగ్గు:* నదులలో బార్జీల గుంపును ముందుకు నెట్టుతుంది.

గుర్తించే విధానం

ఓడరేవు టగ్గు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ముందుభాగం చుట్టూ మందమైన రబ్బరు మెత్తలు, పైన నాలుగు వైపులా అద్దాలు గల చుక్కాని గది ఉంటాయి. సముద్ర టగ్గు దానికన్నా పొడవైనది; ముందుభాగం ఎత్తుగా, మోకు కదలడానికి వీలుగా వెనుకభాగం పల్లంగా, ఖాళీగా ఉంటుంది. నెట్టుడు టగ్గు ముక్కు చదరంగా ఉంటుంది. అమెరికాలోని మిసిసిపీ నది ఎగువ భాగంలో లాకుల కొలతను బట్టి సాధారణంగా 15 బార్జీలను నెట్టుతారు. లాకులు లేని దిగువ భాగంలో 30కి పైగా నెట్టడం కూడా ఉన్నది. థేమ్స్ నది టగ్గులు వంతెనల కింద దూరడానికి వీలుగా తక్కువ ఎత్తులో ఉంటాయి. పొగగొట్టం రంగు, గుర్తులను బట్టి యజమానిని గుర్తించవచ్చు. ఉదాహరణకు న్యూయార్కులో నల్లని గొట్టంపై తెల్లని ‘ఎం’ అక్షరం మోరన్ సంస్థది.

రాత్రివేళ లాగుతున్న టగ్గుపై నిలువుగా రెండు తెల్లని దీపాలు, వెనుక దీపానికి పైన ఒక పసుపు దీపం వెలుగుతాయి. లాగుడు పొడవు 200 మీటర్లు దాటితే నిలువు దీపాలు మూడు. పగటివేళ అయితే నల్లని వజ్రాకారపు గుర్తు. ఈ గుర్తులు తెలియడం చేపల పడవల వారికి ప్రాణావసరం. టగ్గుకు, దాని వెనుక బార్జీకి నడుమ మోకు నీటిలో మునిగి కంటికి కనబడదు. ఖాళీ దారి అనుకొని ఆ నడుమ నుండి పోయే పడవ మోకుకు తగిలి బోల్తాపడవచ్చు, లేదా బార్జీ కింద పడవచ్చు.

పాత టగ్గులు

1889లో కట్టిన ఆర్థర్ ఫాస్ అనే కొయ్య టగ్గును అమెరికాలోని సియాటిల్‌లోను, 1907 నాటి హెర్క్యులిస్ అనే ఆవిరి టగ్గును శాన్ ఫ్రాన్సిస్కోలోను భద్రపరచారు. ఆర్థర్ ఫాస్ 1933 నాటి ‘టగ్‌బోట్ యానీ’ చలనచిత్రంలో కనిపిస్తుంది.

ప్రమాదాలు

టగ్గు సిబ్బందికి అన్నిటికన్నా పెద్ద భయం మోకు పక్కకు లాగడం. ఓడ టగ్గును మించిపోయి, మోకు అడ్డంగా బిగిస్తే టగ్గు కొద్ది క్షణాలలో తలక్రిందులవుతుంది. అందుకే మోకును వెంటనే వదిలివేసే ఏర్పాటు తప్పనిసరి. 2007 డిసెంబరు 19న స్కాట్లండులోని క్లైడ్ నదిలో, పొగమంచులో, ఫ్లయింగ్ ఫాంటమ్ అనే టగ్గు ఈ విధంగానే బోల్తాపడి నలుగురిలో ముగ్గురు మరణించారు.

టగ్గుల విలువ లోకానికి తెలిసినది 2021 మార్చిలో. సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ ఓడను ఆరు రోజుల తరువాత, ఇసుక తవ్వి, పోటు సమయంలో అనేక టగ్గులు లాగి విడిపించాయి. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడకు రేవు నుండి బయలుదేరే వరకు టగ్గులు తోడుండి, ఆనవాయితీ ప్రకారం వెనుదిరిగాయి. ఆ తరువాత ఓడలో విద్యుత్తు ఆగిపోయి అది వంతెనను ఢీకొన్నది. వంతెనపై పనిచేస్తున్న ఆరుగురు మరణించారు. టగ్గులు ఎంత దూరం వరకు తోడుండాలి అన్న చర్చకు ఇది కారణమైనది.

భారతదేశంలో

1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవు లోపలి హార్బరుకు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుండి ఇరుకైన కాలువ గుండా పోవాలి. పెద్ద ఓడలు పైలట్, టగ్గుల సహాయంతో ఈ దారిలో ప్రవేశిస్తాయి. ఒడ్డున నిలబడి చూసేవారికి టగ్గుల పని దగ్గరగా కనిపించే చోట్లలో ఇది ఒకటి. ఇదే నగరంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు భారత నౌకాదళం కొరకు 50 టన్నుల బలం గల టగ్గులను నిర్మించినది.

డీజిల్ పొగను తగ్గించడానికి విద్యుత్ టగ్గులు వస్తున్నాయి. న్యూజిలాండులోని ఆక్లండ్ రేవులో 70 టన్నుల బలం గల స్పార్కీ అనే విద్యుత్ టగ్గు 2022లో ప్రవేశించినది. భారత ప్రభుత్వం 2024 ఆగస్టులో హరిత టగ్గుల పథకాన్ని ప్రారంభించినది.

ఇవి కూడా చూడండి

విశాఖపట్నం ఓడరేవు
సూయజ్ కాలువ
బార్జి