మహిళా బృందాలు, పసికందుల మరణాలు: ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయి?

స్వచ్ఛంద సంస్థల వల్ల ప్రజల ఆరోగ్యం బాగుపడుతుందని తరచూ వింటాం. వాటి నివేదికల్లో ఎన్ని సమావేశాలు జరిగాయో, ఎందరు వచ్చారో ఉంటుంది. ఆ పని జరగకపోయి ఉంటే ఏమయ్యేదో మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఏక్‌జుట్ అనే సంస్థ ఆ లెక్క కూడా తీయడానికి ఒప్పుకుంది.

జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్, ఒడిశాలోని కియోంఝర్ జిల్లాల్లో 2005 నుంచి 2008 వరకు ఆ పరీక్ష జరిగింది. ఎక్కువగా ఆదివాసులుండే ప్రాంతాలవి. ఊళ్లను 36 సముదాయాలుగా విడదీసి, లాటరీ పద్ధతిలో సగం చోట్ల మహిళా బృందాలు నడిపారు. స్థానిక మహిళే ఒకామె నెలకోసారి అందర్నీ కూర్చోబెట్టేది. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. బొమ్మల కార్డులు, కథల సాయంతో బాలింతలకూ బిడ్డలకూ వచ్చే కష్టాలను మాట్లాడుకునేవారు. ఏది ముందు పట్టించుకోవాలో వాళ్లే తేల్చుకుని, చేతనైనది చేసి, ఏం మారిందో తామే చూసుకునేవారు.

ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పుట్టిన 28 రోజుల లోపు మరణాలు బృందాలున్న చోట 32 శాతం తక్కువ. ఆశ్చర్యమేమిటంటే, ఆసుపత్రికి వెళ్లడం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. మారింది ఇంటి కాన్పుల తీరు: కాన్పు చేసేవాళ్లు చేతులు కడుక్కోవడం, బొడ్డు కట్టే దారాన్ని మరిగించడం వంటివి. మరణాలు తగ్గడానికి ఇవే కారణమై ఉండొచ్చు. పరీక్ష దాన్ని నేరుగా రుజువు చేయలేదు.

ఇంచుమించు ఇదే పద్ధతిని ముంబయి మురికివాడల్లో 48 చోట్ల పరీక్షిస్తే, 2012లో వెలువడిన ఫలితాల్లో మేలు కనబడలేదు. అక్కడ అప్పటికే ఎక్కువ కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి, కాబట్టి ఇంటి కాన్పుల్లో శుభ్రతతో కలిసొచ్చేది తక్కువ. ఇది నా ఊహ మాత్రమే.

బంగ్లాదేశ్ అనుభవం ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అక్కడి మొదటి పరీక్షలో సుమారు 1,400 మంది జనాభాకు ఒక బృందం. మరణాలు తగ్గిన జాడ లేదు. తర్వాతి దాంట్లో సుమారు 300 మందికి ఒకటి, స్పష్టంగా తగ్గాయి. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లోని ఏడు పరీక్షలను కలిపి 2013లో చేసిన విశ్లేషణ కూడా ఇటే చూపింది. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది బృందాలకు వచ్చిన చోట పసికందుల మరణాలు మూడో వంతు తగ్గాయి. ఇలా విడదీసి చూసిన లెక్కలను కొంత అనుమానంతోనే చదవాలి. అయినా బృందం ఉందా అన్నదానికంటే గర్భిణి వచ్చిందా అన్నదే ముఖ్యమని నాకనిపిస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘాలకు కొదవలేదు గనక ఇక్కడ పని సులువని అనుకునేవారు ఇది గమనించాలి. కొత్త కోడలు, తొలిచూలు గర్భిణి ఆ సంఘాల్లో ఎందరుంటారు?

ఏక్‌జుట్ మరోసారి, ఈసారి ఆశా కార్యకర్తల చేతే సమావేశాలు నడిపించింది. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో మరణాలు 31 శాతం తక్కువ. అంటే ప్రభుత్వ వ్యవస్థలోని మనిషీ ఈ పని చేయగలదు. కాకపోతే ఆ ఆశాలకు వెనక సంస్థ శిక్షణ ఉంది; మరణాల తగ్గుదలలో ఆ శిక్షణ వాటా ఎంతో ఈ లెక్కల్లోంచి విడదీయలేం.